బడి విడువకుండా పై చదువు: అక్షరాస్యతా విద్యలో ఉపాధ్యాయుల ఆన్‌లైన్ అధ్యయనం

మూడవ తరగతి చదువుతున్న ఒక బాలుడు తెలుగు వాచకం తెరిచి గట్టిగా చదువుతున్నాడనుకోవచ్చు. ‘నెల’ అనే మాటను ‘నేల’ అని చదివాడు. ‘గడ్డి’ని ‘గడి’ అన్నాడు. ‘భూమి’ని ‘బూమి’ అని పలికాడు. మూడు మాటలలో మూడు తప్పులు. ఉపాధ్యాయురాలు తన పుస్తకంలో ‘ఈ విద్యార్థికి చదవడం రాదు’ అని ఒకే వాక్యం వ్రాసుకొని తరువాతి విద్యార్థిని పిలిచింది.

ఆ వాక్యం తొందరపాటుతో వ్రాసినది. ముంబై బాల్వాడీలో ఆ బాలుడు మొదట నేర్చుకొన్నది దేవనాగరి లిపి. మరాఠీ, హిందీ వర్ణమాలలలో ఎ, ఏ అనే రెండు వేర్వేరు అక్షరాలు లేవు. అందుచేత హ్రస్వాన్ని దీర్ఘంగా చదివాడు. ‘గడ్డి’లో అక్షరం కింద ఉన్న ఒత్తును అతని కన్ను ఇంకా పట్టుకోలేదు. ‘భూమి’ని ‘బూమి’ అనడం అసలు చదువులో తప్పే కాదు. అతని ఇంటిలో అందరూ ఆ మాటను అలాగే పలుకుతారు. మొదటిది ఒక లిపి నుండి మరొక లిపికి వచ్చిన అలవాటు, రెండవది అక్షరజ్ఞానంలో మిగిలిన కొరత, మూడవది ఇంటి యాస. మూడింటికి మందు ఒక్కటి కాదు, మూడవదానికి మందే అవసరం లేదు.

ఈ భేదాన్ని గుర్తించే నేర్పును అందించే శాస్త్రానికే అక్షరాస్యతా విద్య అని పేరు. ఉద్యోగం మానకుండా, తరగతి గదిని విడువకుండా ఉపాధ్యాయులు ఈ శాస్త్రాన్ని స్నాతకోత్తర స్థాయిలో అభ్యసించడానికి నేడు దూరవిద్య, ఆన్‌లైన్ విద్య అనే మార్గాలు ఏర్పడినవి. ఆ చదువులో ఏముంటుంది, దానిని ఎంచుకొనే ముందు ఏమి చూసుకోవాలి, దాని ఫలితం పిల్లలకు ఎలా చేరాలి అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

నగరంలో తెలుగు బడి

ముంబైలో తెలుగువారి నివాసం నేటిది కాదు. నగరంలో కట్టడాల పనికి వచ్చిన తెలుగు శ్రామికులను కామాఠీలని పిలిచేవారు. కామాఠీపుర అనే పేరు వారి వలననే వచ్చింది. బట్టల మిల్లుల కాలంలో పద్మశాలి కుటుంబాలు మిల్లులున్న పేటలలో స్థిరపడినవి. పాలమూరు నుండి వచ్చిన కూలీలు ఆనకట్టలు, రహదారులు, మేడలు కట్టే పనులలో నేటికీ కనిపిస్తారు. బృహన్ముంబై మహానగరపాలిక తన బడులను ఎనిమిది భాషా మాధ్యమాలలో నడుపుతున్నది. వాటిలో తెలుగు ఒకటి.

భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, స్థానిక సంస్థలూ ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. 1956లో జరిగిన ఏడవ సవరణ ద్వారా ఈ అధికరణం రాజ్యాంగంలో చేరింది. మరొక వైపు మహారాష్ట్రలో 2020 నాటి చట్టం ప్రకారం అన్ని మాధ్యమాల బడులలోనూ మరాఠీ బోధన తప్పనిసరి. కనుక ముంబైలోని తెలుగు విద్యార్థి చిన్నతనంలోనే తెలుగు లిపి, దేవనాగరి లిపి, రోమన్ లిపి అనే మూడింటి మధ్య నడవవలసి ఉంటుంది. బెంగళూరులో కన్నడ లిపి, చెన్నైలో తమిళ లిపి, బరంపురంలో ఒడియా లిపి ఈ స్థానాన్ని తీసుకొంటాయి. నగరం మారినా చిక్కు ఒక్కటే.

వలస కుటుంబంలో ఈ చిక్కు మరింత బిగుస్తుంది. తల్లిదండ్రులు చదువుకోని వారైతే ఇంటిలో పుస్తకం ఉండదు. పని చోటు మారితే బడి మారుతుంది. ఆ బిడ్డకు చదువు అబ్బడమో, అబ్బకపోవడమో చాలావరకు మొదటి మూడు తరగతుల ఉపాధ్యాయుని చేతిలో ఉంటుంది. మూడవ తరగతి ముగిసేనాటికి ప్రతి బిడ్డా అర్థం చేసుకొంటూ చదవగలగాలనే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దానికి 2026–27 విద్యా సంవత్సరాన్ని గడువుగా నిర్ణయించింది. లక్ష్యాన్ని ప్రకటించేది ప్రభుత్వం, దానిని నెరవేర్చవలసినది తరగతి గదిలోని ఉపాధ్యాయుడు.

అక్షరాస్యతా విద్యలో ఏమి నేర్పుతారు?

అక్షరాస్యత అనగానే ‘అ, ఆ’లు దిద్దించడమే గుర్తుకు వస్తుంది. శాస్త్రం దృష్టిలో అది ఒక భాగం మాత్రమే. 1986లో గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు ఒక సరళమైన సూత్రాన్ని ప్రతిపాదించారు. దాని ప్రకారం చదివి అర్థం చేసుకొనే శక్తి రెండు శక్తుల గుణకారఫలం. అక్షరాలను చూసి మాటను పలకగలగడం మొదటి శక్తి. విన్న భాషను అర్థం చేసుకోగలగడం రెండవ శక్తి. గుణకారం కనుక వాటిలో ఏ ఒక్కటి సున్న అయినా ఫలితం సున్నే. అక్షరాలన్నీ వచ్చినా భాష తెలియని పిల్లవాడు చిలుకపలుకులు పలుకుతాడు. భాష బాగా తెలిసినా అక్షరాలు రాని పిల్లవాడు కథ విని ఆనందిస్తాడు కాని చదువలేడు. ఈ ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఇద్దరికీ మేలు జరగదు.

ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని అక్షరాస్యతా విద్య పలు అంశాలుగా విస్తరించింది. మౌఖిక భాషాభివృద్ధి, ధ్వనుల గుర్తింపు, లిపిజ్ఞానం, ధారాళంగా చదవడం, పదసంపద, అర్థగ్రహణం, స్వంత రచన, బాలసాహిత్యం, బహుభాషా తరగతుల నిర్వహణ, మూల్యాంకనం అనేవి వాటిలో ముఖ్యమైనవి. స్నాతకోత్తర స్థాయిలో వీటికి పరిశోధనా పద్ధతులు, పాఠ్యప్రణాళికల విమర్శ కూడా తోడవుతాయి.

ఇంగ్లీషులో వెలువడిన గ్రంథాలు ఎక్కువగా ఇంగ్లీషు చదువును గురించి వ్రాసినవి. తెలుగు లిపి స్వభావం వేరు. ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్క ధ్వనికి గుర్తు. తెలుగులో ఒక అక్షరం చాలాసార్లు హల్లును, అచ్చును కలిపి చూపుతుంది. సంప్రదాయ వర్ణమాలలో 56 అక్షరాలు. ఒక్కొక్క హల్లుకు గుణింతంలో పన్నెండుకు తగ్గకుండా రూపాలు ఉంటాయి. ముప్పైకి పైగా హల్లులకు లెక్కిస్తే ఆ రూపాలు మూడు నాలుగు వందలు దాటుతాయి. ఒత్తులు, సంయుక్తాక్షరాలు వీటికి అదనం. ఇంగ్లీషు చదివే బిడ్డ 26 అక్షరాలను త్వరగా ముగించి వర్ణక్రమంతో కుస్తీ పడతాడు. తెలుగు బిడ్డకు వర్ణక్రమం సులభం, అక్షరాల పట్టిక పొడుగు.

కన్నడ మాధ్యమ విద్యార్థులపై సోనాలీ నాగ్ జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. అక్షరజ్ఞానం ఒకటి రెండు తరగతులలో ముగిసిపోదని, నాలుగవ తరగతి వరకు కూడా పెరుగుతూనే ఉంటుందని ఆ అధ్యయనం చూపింది. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుండి వచ్చినవి గనుక ఈ విషయం తెలుగు ఉపాధ్యాయులకు కూడా ఉపయోగపడుతుంది. రెండవ తరగతిలో ఒత్తులు తడబడే పిల్లవాడు మందబుద్ధి కాడని, లిపి కోరే కాలాన్ని తీసుకొంటున్నాడని దానివలన తెలుస్తుంది. తెలుగు పిల్లలు ధ్వనులను ఎలా గుర్తిస్తారనే విషయంపై దుగ్గిరాల వసంత చేసిన పరిశోధన 2004లో ప్రచురితమైంది.

2013 నుండి 2016 వరకు కర్ణాటకలోని యాదగిరి ప్రాంతంలోను, మహారాష్ట్రలోని వాడా ప్రాంతంలోను మరొక అధ్యయనం జరిగింది. శైలజా మేనన్ నాయకత్వంలో కన్నడ, మరాఠీ తరగతులను పరిశీలకులు సంవత్సరాల తరబడి గమనించారు. ప్రాథమిక తరగతులలో లిపి బోధనకు దక్కిన సమయం మౌఖిక భాషకు, అర్థానికి, పిల్లల స్వంత రచనకు దక్కలేదని ఆ అధ్యయనం తెలిపింది. వాడా తాలూకా ముంబైకి పొరుగున ఉన్న పాల్ఘర్ జిల్లాలోనిది. అక్కడి మరాఠీ తరగతికి చెప్పిన మాట నగరంలోని తెలుగు తరగతిని గురించి కూడా ఆలోచింపజేస్తుంది.

రెండు లిపుల నడుమ

బహుభాషా తరగతికి అక్షరాస్యతా విద్య ఇచ్చే కానుక పోలికల జ్ఞానం. ఒక భాషలో సంపాదించిన చదువు శక్తి మరొక భాషకు ఆసరా అవుతుందని జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించాడు. అయితే ఆ ఆసరా దానంతట అది అందదు. ఎక్కడ పోలిక ఉన్నదో, ఎక్కడ తేడా ఉన్నదో ఉపాధ్యాయుడు చూపాలి.

తెలుగు, దేవనాగరి లిపుల వర్ణమాల క్రమం దాదాపు ఒక్కటే. క వర్గం, చ వర్గం అనే అమరిక రెండింటికీ సమానం. ఒక లిపిలో ఆ అమరిక తెలిసిన పిల్లవాడు రెండవ లిపిలో సగం దారి ముందే నడిచి ఉంటాడు. మరాఠీలో ‘ళ’ ఉన్నది, కనుక తెలుగు ‘ళ’ అతనికి కొత్త కాదు. తేడాలు వేరే చోట్ల ఉన్నవి. ఎ–ఏ, ఒ–ఓ భేదం దేవనాగరిలో చదువుకొన్న పిల్లవానికి కొత్త. ‘నెల–నేల’, ‘దొర–దోర’ వంటి జంటలను వినిపించి, పలికించి, వ్రాయించాలి. తెలుగు గుడి అక్షరానికి పైన చేరుతుంది. దేవనాగరిలో అదే ఇకారపు గుర్తు హల్లుకు ముందు నిలుస్తుంది, కాని పలికేది హల్లు తరువాతనే. ‘కర్మ’ అనే మాటను తెలుగులో రేఫ వ్రాసి దాని కింద మకారపు ఒత్తు ఉంచుతారు. దేవనాగరిలో రేఫ మకారం నెత్తిమీద కొక్కెంలా కూర్చుంటుంది. ఒకప్పటి తెలుగులో వలపలగిలక చేసిన పని దాదాపు అదే.

ఎదురు దిశలోనూ చిక్కులు ఉన్నవి. రోజువారీ తెలుగు మాటలలో ఒత్తక్షరాల పలుకుబడి తక్కువ. కనుక తెలుగు ఇంటి పిల్లవానికి మరాఠీలో ‘కరా’, ‘ఖరా’ ఒక్కటిగానే వినిపించవచ్చు. మొదటిదానికి ‘చేయండి’ అని, రెండవదానికి ‘నిజమైనది’ అని అర్థం. ఈ సంగతి తెలిసిన తెలుగు ఉపాధ్యాయురాలు, అదే బడిలోని మరాఠీ ఉపాధ్యాయురాలు పది నిమిషాలు కూర్చొని మాట్లాడుకొంటే పిల్లలకు ఒక సంవత్సరపు కష్టం తగ్గుతుంది.

చదువుకు ఉన్న మార్గాలు

పనిచేస్తున్న ఉపాధ్యాయులకు మూడు విధాల మార్గాలు ఉన్నవి.

మొదటిది దూరవిద్య. భారతదేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. నేడు దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమని పేరు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అనగా ఇగ్నో, 1989లో నాసిక్ కేంద్రంగా యశ్వంతరావ్ చవాన్ మహారాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినవి. ఇగ్నో విద్యాశాస్త్రంలో ఎం.ఏ. కోర్సు నడుపుతున్నది. ఈ పద్ధతిలో పాఠ్యగ్రంథాలు చదువుకొని, అసైన్‌మెంట్లు వ్రాసి, అధ్యయన కేంద్రం సహాయంతో పరీక్షలకు సిద్ధం కావాలి.

రెండవది పూర్తి ఆన్‌లైన్ విద్య. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యూజీసీ, 2018లో ఇందుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 2020 సెప్టెంబరులో దూరవిద్య, ఆన్‌లైన్ విద్య రెండింటికీ కలిపి కొత్త నిబంధనలు వెలువడినవి. ఇందులో పాఠాలు, చర్చలు, అసైన్‌మెంట్లు అంతర్జాలం ద్వారా సాగుతాయి.

మూడవది మిశ్రమ పద్ధతి, స్వల్పకాలిక కోర్సులు. ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 2006లో ఎలిమెంటరీ విద్యలో ఎం.ఏ. ప్రారంభించినప్పుడు ఉద్యోగులను దృష్టిలో ఉంచుకొని కొంతకాలం ప్రత్యక్ష తరగతులు, మిగిలిన కాలం దూరవిద్య అనే పద్ధతిని అనుసరించింది. 2017లో జాతికి అంకితమైన స్వయం వేదికలో పలు కోర్సులను రుసుము లేకుండా చదువవచ్చు. ధ్రువపత్రం కావాలంటే పరీక్ష రుసుము చెల్లించాలి. దీక్షా వేదికలో ఉపాధ్యాయుల శిక్షణ కోర్సులు ఉన్నవి. వీటిని పూర్తి చేసినంత మాత్రాన ఎం.ఏ. పట్టా రాదు. ఐనప్పటికీ, పెద్ద కోర్సులో చేరే ముందు తన ఆసక్తిని, తీరికను పరీక్షించుకోవడానికి ఇవి మంచి మెట్లు.

‘అక్షరాస్యతా విద్య’ అనే పేరుతోనే పట్టా దొరకాలని పట్టుబట్టనక్కరలేదు. విద్యాశాస్త్రంలో ఎం.ఏ. చేస్తూ భాషాబోధన, ప్రాథమిక విద్య వంటి ఐచ్ఛికాంశాలను ఎంచుకొని, పరిశోధనా వ్యాసాన్ని తొలిదశ చదువుపై వ్రాస్తే ప్రయోజనం సిద్ధిస్తుంది. చేరే ముందు పాఠ్యప్రణాళిక చదివి, ఆ వీలు ఉన్నదో లేదో తెలుసుకోవాలి.

చేరే ముందు చూడవలసినవి

పట్టా మీద పెట్టే డబ్బు ఒక చిన్న కుటుంబానికి పెద్ద మొత్తం. కనుక కింది విషయాలను ఒక్కొక్కటిగా సరిచూసుకోవడం మంచిది.

1. గుర్తింపు. విశ్వవిద్యాలయం పేరు వినబడినది కావడం చాలదు. ఆ కోర్సును, ఆ విద్యా సంవత్సరంలో, ఆ పద్ధతిలో నడపడానికి అనుమతి ఉండాలి. యూజీసీ దూరవిద్యా విభాగం తన వెబ్‌సైటులో ఈ జాబితాలను ప్రకటిస్తుంది. 2024 నుండి ఈ కోర్సులలో చేరే అభ్యర్థులు అదే వెబ్‌సైటులో డెబ్-ఐడి అనే గుర్తింపు సంఖ్యను పొందవలసి ఉన్నది.

2. మధ్యవర్తులు. ప్రైవేటు సంస్థలు విశ్వవిద్యాలయం పేరుతో ఫ్రాంచైజీ పద్ధతిలో ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి వీలులేదని యూజీసీ 2022లో హెచ్చరించింది. ప్రవేశం, రుసుము, పరీక్ష, పట్టా అనే నాలుగూ విశ్వవిద్యాలయం నుండే జరగాలి. ‘ఈ రోజే చేరితే సగం రుసుము’ అని తొందరపెట్టే ఫోన్ పిలుపును అనుమానించడం క్షేమం.

3. సమానత. గుర్తింపు పొందిన సంస్థలు దూర, ఆన్‌లైన్ పద్ధతులలో ఇచ్చే పట్టాలు సాధారణ పట్టాలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. అయితే విద్యాశాస్త్రంలో ఎం.ఏ. అనేది బీ.ఎడ్.కు గాని, డీ.ఎల్.ఎడ్.కు గాని, ఉపాధ్యాయ అర్హతా పరీక్షకు గాని ప్రత్యామ్నాయం కాదు. ఇంకా ఉపాధ్యాయ శిక్షణ పొందని వారు ముందుగా దానిని పూర్తి చేయాలి.

4. ఉద్యోగ నియమాలు. ప్రభుత్వ, నగరపాలిక బడుల ఉపాధ్యాయులు తమ శాఖలో ముందస్తు అనుమతి అవసరమా అన్నది వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. పదోన్నతికి, జీతానికి ఈ పట్టా ఉపయోగపడుతుందా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

5. మాధ్యమం. చాలా స్నాతకోత్తర కోర్సుల పాఠ్యగ్రంథాలు ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన ఉపాధ్యాయులు మొదటి ఆరు నెలలు నిదానంగా సాగవలసి ఉంటుంది. పారిభాషిక పదాలకు తెలుగు అర్థాలు వ్రాసుకొనే నోటు పుస్తకం ఒకటి మొదటి రోజు నుండే ఉంచుకోవాలి.

6. మొత్తం ఖర్చు. కోర్సు రుసుముతో పాటు పరీక్ష రుసుము, ప్రయాణం, పుస్తకాలు, అంతర్జాలపు ఖర్చు కలిపి లెక్క వేయాలి.

కాలం లెక్క

చేరినవారిలో కొందరు మధ్యలో ఆగిపోవడానికి తెలివి తక్కువై కాదు, కాలం లెక్క తప్పి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల అధ్యయనం. ఒక ఎం.ఏ. కోర్సు 64 క్రెడిట్లదైతే మొత్తం 1,920 గంటలు. రెండు సంవత్సరాలలో ముగించాలంటే వారానికి సుమారు 18 గంటలు చదవాలి. అదే నాలుగు సంవత్సరాలకు పంచితే వారానికి సుమారు 9 గంటలు సరిపోతాయి. రెండేళ్ల కోర్సును పూర్తి చేయడానికి అంతకంటె ఎక్కువ గడువును సార్వత్రిక విశ్వవిద్యాలయాలు సాధారణంగా అనుమతిస్తాయి. చేరేటప్పుడే గరిష్ఠ గడువు ఎంతో చూసుకొని, తన ఇంటికి తగిన వేగాన్ని నిర్ణయించుకోవాలి.

పగలు బడి, సాయంత్రం వంట, రాత్రి పిల్లల చదువు అనే దినచర్య ఉన్న ఉపాధ్యాయురాలికి రోజుకు రెండున్నర గంటలు దొరకడం కష్టం. రోజుకు గంట, ఆదివారం మూడు గంటలు దొరకవచ్చు. ఆ తొమ్మిది గంటలకు ఇంటివారందరూ ఒప్పుకోవాలి. ఒకే గదిలో నలుగురు ఉండే ఇంటిలో నిశ్శబ్దం కొనుక్కొన్నా దొరకదు. కనుక బడి ముగిసిన తరువాత ఒక గంట అదే తరగతి గదిలోనో, పేటలోని గ్రంథాలయంలోనో కూర్చొనే ఏర్పాటు మేలు. లోకల్ రైలులో నిలబడి ప్రయాణించే సమయంలో పాఠాన్ని ముందుగా దించుకొని వినవచ్చు. వ్రాసే పనికి మాత్రం బల్ల, వెలుతురు కావాలి. ఫోనులో వినడం సాధ్యమే, పది పుటల వ్యాసాన్ని ఫోనులో వ్రాయడం దండన. అసైన్‌మెంట్ల కాలంలో కంప్యూటరు ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోవాలి.

ఒంటరితనం మరొక అడ్డంకి. దూరవిద్యలో పక్క బెంచీ ఉండదు. ఒకే నగరంలోని ముగ్గురు నలుగురు ఉపాధ్యాయులు కలిసి చేరి, పదిహేను రోజులకు ఒకసారి కలుసుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క అధ్యాయాన్ని వివరించుకొంటే చదువు నిలుస్తుంది.

తరగతి గదే ప్రయోగశాల

పూర్తికాలపు విద్యార్థికి లేని ఒక భాగ్యం పనిచేస్తున్న ఉపాధ్యాయునికి ఉన్నది. సోమవారం రాత్రి చదివిన సిద్ధాంతాన్ని మంగళవారం ఉదయం పిల్లల ముందు పరీక్షించుకోవచ్చు. ఆరు వారాలలో ముగిసే ఒక చిన్న అధ్యయనాన్ని ఉదాహరణగా ఇక్కడ వివరించడమైనది.

మొదటి వారంలో ప్రతి రోజూ ముగ్గురు నలుగురు పిల్లల చేత విడివిడిగా ఒక నిమిషం పాటు చదివించాలి. తప్పు చదివిన ప్రతి మాటకు ఎదురుగా పిల్లవాడు పలికిన రూపాన్ని ఉన్నది ఉన్నట్లు వ్రాసుకోవాలి. సరిదిద్దకూడదు, కోప్పడకూడదు. చదవడం ముగిసిన తరువాత ‘ఇప్పుడు చదివినదానిలో ఏమి జరిగింది?’ అని అడిగి జవాబును కూడా వ్రాసుకోవాలి.

రెండవ వారంలో ఆ తప్పులను వర్గీకరించాలి. అచ్చుల నిడివి తప్పులు, ఒత్తు వదిలివేసినవి, ఒకే పోలిక గల అక్షరాల తారుమారు, మొదటి అక్షరం చూసి మిగిలినది ఊహించినవి, ఇంటి యాస రూపాలు అని ఐదు గడులు చాలు. ఇంటి యాస గడిలోనివి తప్పుల లెక్కలోనికి రావు.

మూడవ, నాలుగవ, ఐదవ వారాలలో ఒక్కొక్క గుంపుకు దానికి అవసరమైన పనిని రోజూ పదిహేను నిమిషాలు ఇవ్వాలి. ‘గడి–గడ్డి’, ‘కల–కల్ల’ వంటి జంటలు ఒత్తుల గుంపుకు, ‘పడు–పాడు’, ‘నెల–నేల’ వంటివి నిడివి గుంపుకు పనికివస్తాయి. ధారాళంగా చదివినా అర్థం చెప్పలేని గుంపుకు అక్షరాలతో పని లేదు. వారికి కథ చదివి వినిపించాలి, తరువాత ఏమి జరుగుతుందో ఊహింపజేయాలి, తమ మాటలలో తిరిగి చెప్పించాలి.

ఆరవ వారంలో మొదటి వారం చేసిన పనినే మళ్లీ చేసి రెండు పట్టికలను పోల్చాలి. ఎవరిలో మార్పు వచ్చింది, ఎవరిలో రాలేదు, ఎందుకు అని నాలుగు పుటలు వ్రాస్తే అది పరిశోధనా వ్యాసానికి బీజం అవుతుంది. పిల్లల పేర్లకు బదులు సంఖ్యలు వాడాలి. గొంతు రికార్డు చేయాలన్నా, ఫోటో తీయాలన్నా తల్లిదండ్రుల అనుమతి, ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందుగా తీసుకోవాలి.

పట్టా చేయలేని పని

ఈ చదువు వలన కలిగే మేలును అతిగా చెప్పడం తగదు. పిల్లల సంఖ్య తగ్గి మూతపడబోతున్న బడిని ఒక ఉపాధ్యాయురాలి ఎం.ఏ. నిలబెట్టలేదు. ఖాళీ పోస్టులను అది భర్తీ చేయదు, పుస్తకాలు లేని గ్రంథాలయాన్ని నింపదు. ఆన్‌లైన్ తరగతిలో ఆచార్యుడు బోధనను ప్రత్యక్షంగా చూసి సరిదిద్దే అవకాశం కూడా తక్కువ. ఆ కొరతను తీర్చుకోవడానికి తోటి ఉపాధ్యాయుని తన తరగతిలో కూర్చోబెట్టుకొని తప్పులు చెప్పమని అడిగే ధైర్యం కావాలి.

చదవక ముందు కాకరకాయ, చదివిన తరువాత కీకరకాయ అనే సామెత ఒకటి ఉన్నది. కొత్తగా నేర్చిన పెద్ద మాటలను సమావేశాలలో పలకడంతో చదువు ముగిస్తే ఆ సామెత నిజమవుతుంది. కోర్సు పూర్తయిన తరువాత తరగతిలో ఏ పిల్లవాడు ఇంతకు ముందుకంటె బాగా చదువుతున్నాడు అన్నదే దానికి కొలత.

తల్లిదండ్రులు చేయగలిగినది

చదువు రాని తల్లిదండ్రులు తమ వలన ఏమీ కాదని అనుకొంటారు. పైన చెప్పిన గుణకార సూత్రంలో రెండవ శక్తి భాష. అది ఇంటిలోనే పెరుగుతుంది. పాలమూరు యాసలో తల్లి చెప్పే కథ, నాయనమ్మ వేసే పొడుపుకథ, పని చోటు నుండి వచ్చిన తండ్రి చెప్పే రోజు ముచ్చట అన్నీ చదువుకు పెట్టుబడే. బిడ్డ బడిలో తెచ్చుకొన్న పుస్తకాన్ని గట్టిగా చదవమని, తాము శ్రద్ధగా వినడం అక్షరం రాని తల్లి కూడా చేయగల సహాయం. ఇంటి తెలుగును చూసి సిగ్గుపడి, రాని భాషలో పిల్లలతో మాట్లాడడం వలన నష్టమే తప్ప లాభం లేదు.

పదిహేను సంవత్సరాలు దాటిన నిరక్షరాస్యుల కోసం 2022–27 కాలానికి ఉల్లాస్ అనే పేరుతో నవభారత సాక్షరతా కార్యక్రమం నడుస్తున్నది. తల్లి స్వయంగా నేర్చుకోవాలనుకొంటే ఈ మార్గం ఉన్నది. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాక్షరతా తరగతులలో కూర్చొన్న స్త్రీలే తరువాత సారా వ్యతిరేక ఉద్యమానికి ముందు నిలిచారన్నది తెలుగువారి చరిత్ర. అక్షరం వయసు చూడదు.

పాఠం మొదట కనిపించిన బాలుని వద్దకు తిరిగి వస్తే, అతని పేరు ఎదురుగా ఉన్న ఒకే వాక్యం స్థానంలో ఇప్పుడు మూడు వాక్యాలు ఉండవచ్చు. ‘ఎ–ఏ తేడా చెప్పాలి. ఒత్తులు చూపాలి. యాసను సరిదిద్దనక్కరలేదు.’ అదే పిల్లవాడు, అదే మూడు మాటలు. మొదటి వాక్యం ఒక తీర్పు, తరువాతివి మరునాటి పని. ఆ మార్పు కోసమే వారానికి తొమ్మిది గంటల శ్రమ.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. చదివి అర్థం చేసుకొనే శక్తిని కూడికగా కాక గుణకారంగా ఎందుకు చెప్పారు? ఒక ఉదాహరణతో వివరించాలి.

2. స్థానిక భాష లిపికి, తెలుగు లిపికి మధ్య గల రెండు పోలికలను, రెండు తేడాలను వ్రాయాలి. వాటిలో ఏది పిల్లలను ఎక్కువగా తికమక పెడుతున్నది?

3. 80 క్రెడిట్ల కోర్సును మూడు సంవత్సరాలలో ముగించాలంటే వారానికి ఎన్ని గంటలు కావాలి? ఆ గంటలు ఏ రోజు, ఏ చోట దొరుకుతాయి?

4. ఒక బిడ్డ చేత ఒక నిమిషం చదివించి, వచ్చిన తప్పులను ఐదు గడులలో వ్రాయాలి. వాటిలో నిజంగా తప్పు కానివి ఎన్ని?